ఆ మాత్ర మాన్పించకండి, అన్నంవేళ మార్చండి

ఈ పత్రిక ద్వారా నాకు అందే ఉత్తరాలలో కొన్ని సంవత్సరాలుగా ఒక ప్రశ్న తరచుగా కనబడుతున్నది. "మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. ఒకచోట కుదురుగా కూర్చోడు. చెప్పిన మాట చెవిన పడదు. పిల్లల మానసిక వైద్యులు పరీక్షించి ఏ.డి.హెచ్.డి. అని చెప్పి మాత్రలు వ్రాసినారు. అవి మొదలుపెట్టిన తరువాత బడిలో బాగున్నాడని టీచరుగారు చెబుతున్నారు గాని, మధ్యాహ్నం క్యారేజి తెరవకుండానే తిరిగి తెస్తున్నాడు. రాత్రి పదకొండు దాటినా నిద్రపోడు. ఆ మందు మాన్పించి ఆయుర్వేదంలో ఏమైనా ఇవ్వవచ్చునా?" ఊళ్ళు మారుతున్నవి, చేతివ్రాతలు మారుతున్నవి, ఉత్తరం మాత్రం ఇదే.

ఈ ఉత్తరంలో తల్లి ఒక వాక్యాన్ని వ్రాసి తొందరగా దాటిపోయింది. బడిలో బాగున్నాడు అన్నది ఆ వాక్యం. నెలల తరబడి బడి నుండి ఫిర్యాదులు విని, తోటి తల్లుల ఎదుట తల వంచుకొని, చివరకు వైద్యుని గడప తొక్కిన తల్లికి ఆ ఒక్క వాక్యం ఎంత విలువైనదో ఆమెకే తెలియాలి. అట్టి ఫలం ఇచ్చిన మందును విడిచిపెట్టమని నేను వ్రాయలేను. ఆయుర్వేద వైద్యుని నోట ఈ మాట వినడం మన పాఠకులలో కొందరికి రుచించకపోవచ్చును. అయినను నా అభిప్రాయం ఇదే. ఆ మాత్రను కొనసాగించాలా, తగ్గించాలా, మార్చాలా అన్నది దానిని వ్రాసిన వైద్యుడు తేల్చవలసిన విషయం. ఆ మాత్ర వలన పిల్లవానికి కలిగే ఇబ్బందులను తగ్గించడంలో మాత్రం వంటింటికి, మన శాస్త్రం చెప్పిన దినచర్యకు చాలా పని ఉన్నది. మనవారు ఈ రెండవ పనిని వదలి మొదటిదానిలో చేయి పెడుతున్నారు.

మన దేశంలో ఈ రుగ్మతకు ఎక్కువగా వ్రాసే మందు మిథైల్‌ఫెనిడేట్. 1944లో స్విట్జర్లాండులోని సిబా సంస్థలో పనిచేసిన లియాండ్రో పానిజాన్ దీనిని తయారుచేసినాడు. ఆయన భార్య ముద్దుపేరు రీటా. ఆ పేరు మీదుగానే దీనికి రిటాలిన్ అన్న పేరు వచ్చినది. మెదడులో డోపమిన్, నారడ్రినలిన్ అనే రెండు పదార్థాలు ఎక్కువసేపు నిలిచి పనిచేసేటట్లు చూడడం దీని పని. దాని వలన చిత్తం ఒకదాని మీద నిలుస్తుంది. ఆ కారణం వలననే ఆకలి చచ్చిపోతుంది, నిద్ర వెనుకకు జరుగుతుంది, నాడి కొంత వేగం పుంజుకొంటుంది, రక్తపుపోటు కొద్దిగా పెరుగుతుంది. కొందరికి కడుపునొప్పి, తలనొప్పి, నోరు ఎండిపోవడం కూడ ఉంటవి. గుణమూ దోషమూ ఒకే కొమ్మకు కాసిన కాయలు. ఆటమాక్సెటిన్ అనే మరొక మందు ఉన్నది. అది ఈ జాతిది కాదు. వికారం, మగత దానితో ఎక్కువ. తమ పిల్లవానికి వ్రాసినది ఏ మందో, ఎంతసేపు పనిచేసే రకమో తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవాలి. నేను క్రింద వ్రాసేది చాలా వరకు మిథైల్‌ఫెనిడేట్ గురించి.

ఇంటి పెద్దలను భయపెట్టే సంగతి మరొకటి ఉన్నది. ఈ మాత్రను మామూలు మందులవలె అమ్మరు. మత్తుమందులకు, మనసుపై పనిచేసే పదార్థాలకు సంబంధించిన 1985 నాటి చట్టం దీనికి వర్తిస్తుంది. ఔషధ నిబంధనలలో ఇది షెడ్యూల్ ఎక్స్‌లో ఉన్నది. వైద్యుడు చీటీని రెండు ప్రతులుగా వ్రాయాలి. దుకాణదారు ఒక ప్రతిని రెండేళ్ళు భద్రపరచాలి. ఇది తెలియగానే తాతగారు "పసివానికి మత్తుమందు పోస్తున్నారా" అని మండిపడతారు. ఆ కట్టుదిట్టం దుర్వినియోగాన్ని అరికట్టడానికి. మన వత్సనాభి, మన జీడిగింజ, మన ఉమ్మెత్త కూడ అవే నిబంధనలలోని షెడ్యూల్ ఇ(1) అనే విషద్రవ్యాల పట్టికలో ఉన్నవి. శోధించి, మోతాదు తెలిసి వాడినప్పుడు వాటితో మనం వైద్యం చేయడం లేదా? తాతగారు జ్వరానికి వాడిన మాత్రలలో వత్సనాభి ఉన్నదని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

అది అగ్నిమాంద్యం కాదు

క్యారేజి నిండుగా తిరిగి రాగానే ఇంటిలో మొదట వెదికేది ఆకలి పుట్టించే మందును. హింగ్వాష్టక చూర్ణం, భాస్కర లవణం, త్రికటు, ఏదో ఒకటి. ఇవి మంచి మందులే. కాని ఎవరికి? అగ్ని మందగించి, ఆమం చేరి, నాలుకపై తెల్లని పూత పట్టి, కడుపు బరువెక్కి, పుల్లని త్రేన్పులు వస్తూ, ఏ పూటా తినబుద్ధి కానివారికి.

ఈ పిల్లలను పరిశీలించండి. నాలుక శుభ్రంగా ఉంటుంది. ఉదయం లేచిన తరువాత తినగలడు. మధ్యాహ్నం ముద్ద దిగదు. సాయంకాలం ఐదారు గంటలకు మాత్ర బలం తగ్గగానే డబ్బాలన్నీ మూతలు తీసి చూస్తాడు. రాత్రి తొమ్మిదికి మళ్ళీ "అమ్మా, ఆకలి" అంటాడు. అగ్ని మందగించినవానికి ఇట్టి ఆకలి ఎక్కడి నుండి వచ్చినది? అగ్ని చెక్కుచెదరలేదు. మాత్ర దాని వేళను జరిపింది. కనుక భోజనవేళను మనం జరపాలి. ఆకలి వేసినప్పుడు అన్నం పెట్టడం మన వైద్యంలో మొదటి పాఠం. ఒంటిగంటకే తినాలన్నది బడిగంట పెట్టిన నియమం.

చరకుడు ఔషధ సేవనకు పది కాలాలు చెప్పినాడు. అన్నానికి ముందు, అన్నం నడుమ, అన్నం తరువాత, ముద్దతో కలిపి, ముద్దకూ ముద్దకూ మధ్య, ఇట్లా. ఒకే మందు వేళ మారితే దాని ఫలితం మారుతుందని ప్రాచీనులు గుర్తించినారు. ఈ మాత్ర విషయంలోను అది అక్షరాలా వర్తిస్తుంది. ఉదయం ఫలహారంతో గాని, తిన్న వెంటనే గాని ఇవ్వవచ్చునా అని మీ వైద్యుని అడగండి. ఆకలి తగ్గే పిల్లలకు చాలామంది వైద్యులు అట్లాగే ఇమ్మంటారు. పరగడుపున మ్రింగిస్తే వచ్చే కడుపునొప్పి కూడ దీనితో చాలామందికి తగ్గుతుంది. గ్లాసెడు పాలలో డబ్బా పొడి కలిపి త్రాగించి, నోటిలో మాత్ర వేసి బస్సు ఎక్కించే ఇళ్ళలో ఆ పిల్లవానికి సాయంకాలం వరకు అదే భోజనమవుతున్నది. అరగంట ముందు నిద్ర లేపండి. నేతితో కాల్చిన పెసరట్టు, నువ్వులపొడీ నెయ్యీ అద్దిన ఇడ్లీలు, జీడిపప్పు వేసిన ఉప్మా, అలవాటు ఉన్నవారికి గుడ్డు, ఏదైనా సరే, మాత్రకు ముందు కడుపు నిండాలి. దినమంతటిలో తల్లి పైచేయి ఉండే పూట అదొక్కటే.

మధ్యాహ్నం బలవంతం వద్దు. పెద్ద క్యారేజి పెట్టి, తిరిగి వచ్చినప్పుడు కోపగించడం వలన ఆ పిల్లవానికి అన్నమంటేనే వెగటు పుడుతుంది. చిన్న డబ్బాలో నాలుగు ముద్దల పెరుగన్నం, ఒక అరటిపండు, ఒక వేరుసెనగ ఉండ చాలు. నీళ్ళ సీసా మాత్రం ఖాళీగా తిరిగి రావాలి. నోరు ఎండడానికి, కొందరిలో తలనొప్పికి నీళ్ళు త్రాగడం మరచిపోవడమే కారణమవుతున్నది.

అసలు భోజనం సాయంకాలం. పిల్లవాడు బడి నుండి వచ్చి ఆకలి అనగానే మనం ఇచ్చేది బిస్కట్లు, కారప్పూస. దినమంతా ఎదురుచూసిన ఆకలిని అవి పదినిమిషాలలో ఆర్పివేస్తున్నవి. తరువాత రాత్రి తొమ్మిదికి విస్తరి ముందు కూర్చోబెట్టి "తినడం లేదు" అని బాధపడతారు. ఐదున్నర, ఆరు మధ్య వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి, కూర, గడ్డపెరుగుతో పూర్తి భోజనం పెట్టండి. ఇంటిల్లపాదీ తినే వేళ కాదని సంకోచించవద్దు. రాత్రి ఎనిమిదిన్నరకు అందరితో కలిసి ఒక దోసె గాని, కాస్త పాలబువ్వ గాని తింటాడు. నడుమ మినపసున్ని ఉండలు, నువ్వుల ఉండలు, ఖర్జూరాలు అందుబాటులో ఉంచండి. మా వద్దకు వచ్చిన కుటుంబాలలో వేళ మార్చిన తరువాత చాలా ఇళ్ళలో బరువు తగ్గడం ఆగినది. ఆగని పిల్లలూ ఉన్నారు. అప్పుడు ఆ విషయం మాత్ర వ్రాసిన వైద్యునికి చెప్పవలసినదే. మోతాదు గాని, మందు రకం గాని ఆయన మారుస్తాడు.

ఇక్కడనే మరొక మాట. మన ఇళ్ళలో మాత్ర మ్రింగలేని పిల్లలకు దానిని తేనెతో నూరి నాకించడం అలవాటు. మనకు అనుపానం సహజం. కాని దినమంతా కొద్దికొద్దిగా మందు విడుదలయ్యేటట్లు తయారుచేసిన దీర్ఘకాల మాత్రలను నూరరాదు, నమలనివ్వరాదు, ముక్కలు చేయరాదు. ఎనిమిది, పన్నెండు గంటలు రావలసిన మందంతా ఒక్కసారిగా దేహంలోకి వెళ్ళిపోతుంది. మ్రింగలేకపోతే ఆ సంగతి వైద్యునికి చెప్పండి, వేరే రూపంలో ఇస్తాడు.

మంచిదే కదా అని

నేను గురుకులంలో చదువుకొన్న రోజులలో రోగి వచ్చి కూర్చోగానే మా గురువుగారు అడిగే మొదటి ప్రశ్న, "ఇంతకు ముందు ఎవరి మందు మ్రింగినారు?" అన్నది. దానికి జవాబు రాకుండా ఆయన నాడి పట్టేవారు కారు. రెండు మందులు ఒకరినొకరు ఎరుగకుండా ఒకే కడుపులో చేరడం ఆయనకు అన్నిటికంటె పెద్ద భయం. ఆ భయం ఎంత సహేతుకమో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు.

రెండు సంవత్సరాల క్రిందట తొమ్మిదేళ్ళ పిల్లవానిని తల్లిదండ్రులు నా వద్దకు తీసుకొని వచ్చినారు. నాలుగు రోజులుగా గుండె దడ, మూడు రాత్రులుగా నిద్ర లేదు, గోళ్ళ చుట్టూ చర్మం పీక్కొని రక్తం వస్తున్నది. "ఈ మందు పడలేదండీ, మానేసి మీ వైద్యం చేయిద్దామని వచ్చినాము" అన్నది తల్లి. ఆరు నెలలుగా వాడుతున్న మందు ఇప్పుడే ఎందుకు పడకుండా పోయినదని అడిగినాను. ఈ మధ్య మోతాదు పెంచినారా అంటే, రెండు నెలల క్రిందట పెంచినారన్నది. పెంచిన తరువాత రెండు నెలలు లేని దడ నాలుగు రోజుల క్రిందట ఎందుకు మొదలయింది? ఇంటిలో ఏమి మారినది? తల్లి కొంతసేపు ఆలోచించి, "మా అత్తగారు పెళ్ళికని ఊరు వెళ్ళినారండీ, అంతే" అన్నది.

ఉదయం పూట పిల్లవానికి మాత్ర వేసేది ఆ నాయనమ్మగారు. తల్లి అప్పటికే ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. నేను ఆవిడకు ఫోను చేయించినాను. మొదట ఏమీ లేదన్నది. తరువాత ఏడుస్తూ చెప్పింది. "ఏం చేయమంటారు శాస్త్రిగారూ, పిల్లవాడు పుల్లలాగా అయిపోతుంటే కళ్ళారా చూడలేకపోయినాను. రోజు విడిచి రోజు ఆ మాత్ర తులసికోటలో పడేసి, బ్రాహ్మి గొట్టం వేసేదాన్ని. బ్రాహ్మి మంచిదే కదా అని." మాత్ర సగం రోజులు పడనందున పిల్లవాని చాంచల్యం తగ్గలేదు. తగ్గలేదని తల్లి చెప్పింది కనుక అక్కడి వైద్యుడు మోతాదు పెంచినాడు. నాయనమ్మగారు ఊరు వెళ్ళగానే పెంచిన మోతాదు పూర్తిగా, ప్రతిదినం పిల్లవాని కడుపులో పడింది. ఎవరూ అపకారం తలపెట్టలేదు. ముగ్గురూ తమకు తెలిసిన మేలు చేసినారు. జరిగినదంతా ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చి, నా మందు ఏదీ ఇవ్వకుండా, ఆ సాయంకాలమే వారిని ఆ వైద్యుని వద్దకు పంపినాను. ఆయన మోతాదును పాత స్థాయికి దించినాడు. వారంలో దడ, నిద్రలేమి పోయినవి. ఆకలి సంగతి మాత్రం వంటింటిలో, ఆ నాయనమ్మగారి చేతి మీదుగానే చక్కబడింది.

ఆ పెద్దావిడను నేను తప్పు పట్టను. ఇంగ్లీషు మందు విషమని, మూలిక అమృతమని రాత్రింబగళ్ళు చెవిలో ఊదే వ్యాపార ప్రకటనలు ఆవిడను భయపెట్టినవి. మన శాస్త్రం అట్లా చెప్పలేదు. యుక్తి తప్పితే అమృతమే విషమవుతుందని చెప్పింది.

బ్రాహ్మినే తీసుకొనండి. ఏది బ్రాహ్మి అన్న తగవు ఇంకా తీరలేదు. ఒకరు నీటి గట్ల మీద పాకే, దళసరి చిన్న ఆకుల మొక్కను బ్రాహ్మి అంటారు. మన తెలుగు నాట ఇంకొకరు గుండ్రని సరస్వతి ఆకును బ్రాహ్మి అంటారు. అది మండూకపర్ణి. గొట్టంలో ఏది ఉన్నదో సీసా మీద పేరు చూసి తెలియదు. మొదటి దానిని వాడినవారిలో కొందరికి వికారం, కడుపులో నులిమినట్లు ఉండడం, విరేచనాలు పలుచబడడం ఉంటుంది. మధ్యాహ్నం అన్నం ముట్టని పిల్లవానికి ఇది కూడ తోడైతే ఏమి మిగులుతుంది? సారస్వతారిష్టం సంగతి వేరు. అరిష్టాలలో పులియడం వలన సహజంగానే మద్యసారం పుడుతుంది. ఈ మాత్రలతో మద్యసారం కూడదు.

దూలగొండి గింజలలో ఎల్-డోపా ఉన్నది. దేహంలో డోపమిన్‌గా మారేది అదే. మాత్ర చేసే పని మీద మరొక పొర వేసినట్లవుతుంది. ఆయాసానికి వాడే సోమలతలో ఎఫెడ్రిన్ ఉన్నది. నాడిని, రక్తపుపోటును అది కూడ పెంచుతుంది. దగ్గుకు ఇంటింటా నాకించే అతిమధురం ఎక్కువ రోజులు, ఎక్కువ మోతాదులో వాడితే రక్తపుపోటు పెరుగుతుంది. నిద్రకని కొందరు సర్పగంధ ఇస్తున్నారు. అది రక్తపుపోటును దించి మనస్సును క్రుంగదీసే మందు. పిల్లలకు ఇంటివైద్యంగా ఇవ్వవలసినది కానేకాదు. అశ్వగంధ వలన కాలేయానికి హాని కలిగిన సందర్భాలు అరుదుగానైనా నమోదైనవి. ఆటమాక్సెటిన్‌తో కూడ అట్టి అరుదైన హాని ఉన్నది కనుక ఆ రెంటినీ కలపడం నేను ఒప్పుకొనను.

త్రికటులోని మిరియాలకు, పిప్పళ్ళకు ఇతర మందులను లోపలికి బలంగా మోసుకొనిపోయే గుణం ఉన్నదని మనవారు ఎప్పుడో చెప్పినారు. ఆ గుణాన్ని ఆధారం చేసుకొని జమ్మూలోని ప్రభుత్వ పరిశోధనాలయంవారు క్షయ మందు రిఫాంపిసిన్‌కు మిరియాల సారమైన పైపెరిన్‌ను జోడించి, 450 మిల్లీగ్రాముల చోట 200 మిల్లీగ్రాములు సరిపోయే మాత్రను రూపొందించినారు. పోపులో నాలుగు మిరియాలు వేస్తే భయం లేదు. ఆకలి కోసం పూటపూటకూ త్రికటు నాకిస్తే మాత్రం అది ఏ మందును ఎంత మోస్తుందో ఇంటిలో కూర్చొని ఎవరూ లెక్క కట్టలేరు.

పుష్యమి నక్షత్రం నాడు వేసే స్వర్ణప్రాశన చుక్కల గురించి కూడ అడుగుతున్నారు. అందులో ఏమేమి కలిపినారో, ఎంతెంత కలిపినారో అచ్చువేసి ఇవ్వని చోట వేయించవద్దు.

నిద్ర

వాతం వలన కలిగే ఎనుబది వికారాలను చరకుడు సూత్రస్థానంలో లెక్కించినాడు. ఆ పట్టిక చివరలో అస్వప్నం, అనవస్థిత చిత్తత్వం పక్కపక్కన ఉన్నవి. నిద్ర రాకపోవడం ఒకటి, మనస్సు నిలకడ లేకపోవడం మరొకటి. ఈనాటి ఏ.డి.హెచ్.డి.యే ఆ రెండవదని నేను అనను. అట్లా పేర్లు అతికించే పని నాకు ఇష్టం లేదు. ఆ రెండూ ఇరుగుపొరుగువని మాత్రం ప్రతి తల్లికీ తెలుసు. రాత్రి నిద్ర చెడిన పిల్లవాడు మరునాడు మాత్ర వేసినా కుదురుగా ఉండడు.

నిద్ర రాకపోతే ముందుగా చూడవలసినది చివరి మాత్ర ఏ గంటకు పడిందన్నది. తక్కువ సేపు పనిచేసే రకం సుమారు మూడు, నాలుగు గంటలు ఉంటుంది. ట్యూషన్‌లో బాగా చదవాలని సాయంకాలం ఐదు గంటలకు మరొకటి వేయించే తండ్రులు ఉన్నారు. వైద్యుడు చెప్పకుండా ఆ పని చేసేవారికి నిద్ర గురించి ఫిర్యాదు చేసే హక్కు లేదు. కాఫీ, టీ, కోలా పానీయాలు కూడ ఈ పిల్లలకు వద్దు.

వేళ సరిచూసుకొన్న తరువాత మన చేతిలో ఉన్నవి చేయవచ్చును. రాత్రి భోజనమైన కొంతసేపటికి గోరువెచ్చని నీటితో స్నానం. తరువాత అరికాళ్ళకు, నడినెత్తికి నువ్వులనూనె పదినిమిషాలు మెల్లగా మర్దించాలి. శిరస్సుకు, చెవులకు, పాదాలకు నూనె ముఖ్యమని వాగ్భటుడు దినచర్యలో ప్రత్యేకించి చెప్పినాడు. దీనికి మందు నూనెలు కొనవలసిన పని లేదు. ఆ పదినిమిషాలు తల్లిగాని, తండ్రిగాని టీవీ, సెల్‌ఫోను ఆపి పక్కన కూర్చోవడం కూడ ఆ చికిత్సలో భాగమే. నిద్ర పట్టనివారికి గేదెపాలు హితమని చరకుడు చెప్పినాడు. అరుగుదల బాగున్న పిల్లవానికి వెచ్చని గేదెపాలు చిన్న గ్లాసెడు, పటికబెల్లంతో ఇవ్వవచ్చును. బరువు పెరగడానికి కూడ ఉపకరిస్తుంది. జాజికాయ అరగదీసి ఇచ్చే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉన్నది. మోతాదు మించితే అది మత్తును, గుండె దడను, కలవరింతలను కలిగిస్తుంది. ఈ పిల్లలకు దానిని దూరంగా ఉంచండి.

సాయంకాలం మాత్ర బలం దిగే వేళ కొందరు పిల్లలు కారణం లేకుండా ఏడుస్తారు, తమ్ముణ్ణి కొడతారు, పుస్తకం విసురుతారు. అది పొగరు కాదు. ఆ గంటలో హోంవర్కు ముందు పెట్టకండి. అన్నం పెట్టి, ఆటకు వదలండి. ప్రతిదినం అట్లాగే ఉంటే వైద్యునికి చెప్పండి.

ఒక నోటుపుస్తకం పెట్టండి. నెలకు ఒకసారి ఒకే త్రాసు మీద బరువు, ఆరు నెలలకు ఒకసారి గోడకు ఆనించి ఎత్తు వ్రాయండి. వైద్యుడు చూసిన నాడి, రక్తపుపోటు అందులోనే వ్రాయించండి. నాయనమ్మల భయం ఉత్తది కాదు. అమెరికాలో 579 మంది పిల్లలతో మొదలై, 1999లో తొలి ఫలితాలు వెలువడిన పెద్ద పరిశీలనను తరువాత కొనసాగించినప్పుడు, కొత్తగా మందు మొదలుపెట్టి వాడినవారు మూడేళ్ళలో వాడనివారికంటె సుమారు 2 సెంటీమీటర్ల ఎత్తు, 2.7 కిలోల బరువు తక్కువగా పెరిగినట్లు తేలింది. కనుక ఎదుగుదల ఆగుతున్నదేమో గమనించి చెప్పవలసిన బాధ్యత ఇంటివారిది. వేసవి సెలవులలో మాత్రకు విరామం ఇవ్వవచ్చునా అని అడగవచ్చును, సొంతంగా ఇవ్వరాదు. క్లోనిడిన్, గ్వాన్‌ఫసిన్ వాడేవారు అసలే హఠాత్తుగా ఆపరాదు, రక్తపుపోటు ఒక్కసారిగా పైకి లేస్తుంది.

పరుగెత్తుతూ స్పృహ తప్పినా, ఛాతిలో నొప్పి అన్నా, లేనివి కనిపిస్తున్నవని, వినిపిస్తున్నవని చెప్పినా, ఆటమాక్సెటిన్ వాడుతూ కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, చచ్చిపోతానన్న మాట నోట వచ్చినా, ఆ పూటే వైద్యుని వద్దకు వెళ్ళాలి. వంశంలో చిన్న వయస్సులో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయినవారు ఉంటే మందు మొదలుపెట్టక ముందే చెప్పాలి.

చివరగా, అమెరికాలో ఉన్న మనవల దగ్గరకు ఆరేసి నెలలు వెళ్ళే తాత, అమ్మమ్మలకు ఒక సూచన. అక్కడ ఈ పిల్లలకు ఆంఫెటమిన్ జాతి మందును కూడ విరివిగా వాడుతారు. అడరాల్ అన్నది అందులో ఒకటి. అది మన దేశంలో అమ్మకానికి లేదు. పుల్లని పండ్లరసాలు, సి విటమిన్ దానిని దేహం సరిగా గ్రహించకుండా చేస్తవి. ఉదయమే మనవనికి ఉసిరిరసం పట్టించే అమ్మమ్మ వలన ఆ దినం మందు పనిచేయకుండా పోవచ్చును. ఉసిరిరసమైనా, నారింజరసమైనా మాత్రకు గంట ముందు నుండి గంట తరువాత వరకు వద్దు. ఇక మీరు పెట్టెలో సర్దుకొన్న చ్యవనప్రాశ, బ్రాహ్మి, అశ్వగంధ సీసాల పేర్లన్నీ ఒక కాగితం మీద వ్రాసి, ప్రయాణానికి ముందే అమ్మాయికి పంపించి, అక్కడి పిల్లల వైద్యునికి చూపించమనండి. ఆయన వద్దన్నవి ఇంటిలోనే ఉంచి వెళ్ళండి. సున్నుండల డబ్బా మాత్రం తీసుకొని వెళ్ళండి.